వింతలూ మహిమలూ ఇన్ని రాసిన బీడ్‌ను చరిత్రకారుడని ఎట్టా అంటున్నారు?

కావలి_ఎంఏ_హిస్టరీ

అందరికీ నమస్కారం. కావలిలో ఎంఏ హిస్టరీ చదువుతున్నాను. మధ్యయుగ యూరప్ పేపర్‌లో సెమినార్‌కి నా వంతుకు బీడ్ అనే ఇంగ్లండ్ సన్యాసి వచ్చాడు. నోట్స్‌లో ఉన్నది ఇంతే: 673 ప్రాంతంలో పుట్టాడు, ఏడేళ్ళప్పుడు బంధువులు మఠంలో అప్పగించారు, ఉత్తరాన జారో అనే చోట 735లో చనిపోయేదాకా మఠంలోనే గడిపాడు, ఇంగ్లిష్ జనం క్రైస్తవంలోకి వచ్చిన చరిత్రను లాటిన్‌లో ఐదు భాగాలుగా రాసి 731లో పూర్తి చేశాడు.

ఆ పుస్తకానికి ఇంగ్లిష్ అనువాదం దొరికింది, చదువుతున్నాను. నా ఇబ్బంది ఏందంటే నాలుగు పేజీలు తిప్పితే ఒక మహిమ. ఓస్వాల్డ్ అనే రాజు యుద్ధంలో పడిపోయిన చోట మట్టి తీసి నీళ్ళలో కలిపి తాగితే రోగాలు పోయాయంట, జనం తవ్వుకుపోయీ తవ్వుకుపోయీ అక్కడ మనిషి లోతు గుంట పడిందంట. మా క్లాసులో దీన్ని చదివి వినిపిస్తే ఇది పురాణం, చరిత్ర ఎట్టా అవుతుందని అడిగారు. ఇంకోపక్క ఏ పుస్తకం తెరిచినా ఆయన్ని ఇంగ్లిష్ చరిత్రకు తండ్రి అనే రాస్తున్నారు. మేము చర్చికి వెళ్ళే ఇంటివాళ్ళం, ఆయన తరఫున మాట్లాడితే మతం కొద్దీ వెనకేసుకొస్తోంది అనుకుంటారేమోనని అదో టెన్షన్. చదివినవాళ్ళు ఎవరన్నా ఉంటే ఏ వైపు నిలబడాలో చెప్పండి.

ఒంగోలు_మాస్టారు

అమ్మా, నువ్వు నేరుగా కథలోకి దిగినట్టున్నావు. ఆ పుస్తకానికి కెయోల్వుల్ఫ్ రాజు పేర రాసిన ముందుమాట ఒకటి ఉంది, ముందు అది చదువు, సెమినార్‌కి సగం పని అక్కడే తెమిలిపోతుంది. ఏ ప్రాంతం సంగతి తనకు ఎవరు చెప్పారో అందులో పేర్లతో సహా రాశాడాయన. కెంట్ సంగతులు కాంటర్‌బరీ మఠాధిపతి ఆల్బైనస్ పంపాడు, తెచ్చి ఇచ్చింది లండన్‌లో ఉండే నోథెల్మ్ అనే గురువు. ఆ నోథెల్మే రోమ్ వెళ్ళినప్పుడు పోప్ అనుమతి తీసుకుని అక్కడి దస్తావేజులు వెతికి పాత పోప్‌ల ఉత్తరాలకు నకళ్ళు తెచ్చాడు. పశ్చిమ సాక్సన్ల గురించి డేనియల్ అనే బిషప్ రాసి పంపాడు. తన సొంత నార్తంబ్రియా గురించి మాత్రం చూసినవాళ్ళను, తెలిసినవాళ్ళను అడిగి రాసుకున్నాడు. తన ప్రాంతం దాటి దూరం పోయిన మనిషి కాదు, లిండిస్‌ఫార్న్ దీవి, యార్క్, అంతే. కూర్చున్న చోటి నుంచి ఒక దేశం మొత్తంలో ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో కనుక్కుని తెప్పించుకున్నాడు, ఫోనూ లేదు తపాలా శాఖా లేదు ఆ రోజుల్లో.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. లూకా సువార్తకు వ్యాఖ్యానం రాస్తూ, ఎక్కడెక్కడ ఆంబ్రోస్ మాట తీసుకున్నాడో, ఎక్కడ ఆగస్టీన్, ఎక్కడ గ్రెగరీ, ఎక్కడ జెరోమ్, పక్క మార్జిన్‌లో వాళ్ళ పేర్లలోని అక్షరాలు గుర్తుగా వేశాడు. పెద్దల మాటలు దొంగిలించి తనవిగా చెప్పుకున్నాడనే పేరు రాకూడదని. నకలు రాసేవాళ్ళు ఆ గుర్తులు వదిలెయ్యొద్దని బతిమాలుకున్నాడు కూడా. మన దగ్గర ఇప్పుడు థీసిస్‌లు ఎట్టా తయారవుతున్నాయో చూస్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, పదమూడు వందల ఏళ్ళ కిందట ఒక మనిషికి ఆ పట్టింపు ఉండడం చిన్న విషయం కాదు.

ఇక మహిమల సంగతి. ఆ కాలంలో మహిమ జరగదని అనుకునేవాళ్ళు ఎవరూ లేరు, ఆయనా నమ్మాడు. నువ్వు చూడాల్సింది, ఆ కథ ఎవరి నోట విన్నాడో చెప్పాడా లేదా అని. చాలా చోట్ల చెప్పాడు, ఫలానా మఠంలో ఫలానా సోదరుడు, ఇంకా బతికే ఉన్నాడు అని. కథను నమ్మాలా వద్దా అన్నది నీ ఇష్టం, కానీ ఆ కథ ఆ రోజుల్లో అక్కడ చెప్పుకునేవారన్నది మాత్రం గట్టి ఆధారం. జనం నోట ఉన్నదాన్ని సేకరించి రాశానని ముందుమాట చివర ఆయనే ఒప్పుకున్నాడు.

మహిమ లేని చోట ఆయన మాట ఎంత నిలిచిందో కూడా చెప్పు క్లాసులో. రెండో భాగం 14వ అధ్యాయంలో, పౌలినస్ అనే బిషప్ ఎడ్విన్ రాజుతో కలిసి యేవరింగ్ అనే రాజుగారి విడిదికి వెళ్ళి, 36 రోజులు పొద్దున్నించి సాయంత్రం దాకా ఊరూరి నుంచి వచ్చిన జనానికి బోధిస్తూ, పక్కనే ఉన్న గ్లెన్ నదిలో బాప్తిస్మాలు ఇస్తూనే ఉన్నాడని రాశాడు. ఆ విడిది తర్వాత పాడుపడిపోయిందని కూడా ఒక ముక్క రాశాడు. 1950లలో ఆ చోట తవ్వితే పెద్ద పెద్ద చెక్క సభామందిరాల ఆనవాళ్ళు బయటపడ్డాయి, జనం మెట్లు మెట్లుగా కూర్చుని వినేందుకు కట్టిన చెక్క గ్యాలరీ గుంటలతో సహా. గాలి మాట రాసినవాడైతే ఇది కుదరదు గదా.

ఒంగోలు వాళ్ళం ఆ అధ్యాయం చదివితే గుండ్లకమ్మ తలపుకు రాకుండా ఉండదు. గొప్ప కరువు వెనకనే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, క్లౌ దొరగారి మిషన్‌లో. మనకు దానికి రికార్డులున్నాయి, లెక్క రాసిపెట్టినవాళ్ళున్నారు. యేవరింగ్‌కి రాసిపెట్టినవాడు ఒక్క బీడ్.

నెల్లూరు_మూలాపేట

మాస్టారి మాటకు అడ్డం చెప్పడం కాదు గానీ, ఈ అమ్మాయి ఆయన్ని మరీ దేవుణ్ణి చేసి క్లాసులో నిలబడితే ప్రశ్నలు అడిగేవాళ్ళు వదలరు. బీడ్‌కు పక్షం ఉంది, గట్టి పక్షమే. ఆయన ఇంగ్లిష్ వాళ్ళ మనిషి, రోమ్ పద్ధతి మనిషి. అంతకుముందు నుంచీ ఆ దీవిలో ఉన్న బ్రిటన్లు కూడా క్రైస్తవులే, కానీ ఈస్టర్ వేరే లెక్కన చేసుకుంటారనీ, ఇంగ్లిష్ వాళ్ళకు సువార్త చెప్పలేదనీ వాళ్ళ మీద ఆయనకు కోపం. చెస్టర్ యుద్ధం చదవండి, రెండో భాగం 2వ అధ్యాయం. బాంగోర్ మఠం బ్రిటన్ సన్యాసులు తమ సైన్యం కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. ఇంగ్లిష్ వాళ్ళ రాజు ఎథెల్‌ఫ్రిత్, ఆయన క్రైస్తవుడు కూడా కాదు, ఆయుధం లేకపోయినా మాకు వ్యతిరేకంగా ప్రార్థిస్తున్నారంటే మాతో యుద్ధం చేస్తున్నట్టే అని ముందు వాళ్ళ మీదే పడ్డాడు. సుమారు 1,200 మంది సన్యాసులు చచ్చిపోయారనీ 50 మందే తప్పించుకున్నారనీ బీడే రాశాడు. రాసి, పాపం అనలేదు. రోమ్ నుంచి ఇంగ్లండ్‌కి వచ్చిన ఆగస్టీన్ బిషప్ (మాస్టారు చెప్పిన ఆగస్టీన్ వేరు) ముందే హెచ్చరించాడు, అది నెరవేరింది అని సరిపెట్టాడు. అది చదివినప్పుడు నాకు కడుపు రగిలింది, ఇప్పటికీ ఆ పేజీ దగ్గర ఆయన్ని క్షమించలేను.

న్యాయంగా రెండోది కూడా చెప్పాలి. ఎయిడన్ అనే ఐర్లండ్ పద్ధతి బిషప్ కూడా ఈస్టర్ తప్పు రోజునే చేసేవాడు, ఆయన గురించి రాసేటప్పుడు మాత్రం బీడ్ మనసు వేరు. ఊళ్ళన్నీ నడిచే తిరిగేవాడు, ఓస్విన్ రాజు మంచి గుర్రం ఇస్తే ఎదురొచ్చిన బిచ్చగాడికి జీనుతో సహా ఇచ్చేశాడు అని ఎంతో ప్రేమగా రాసి, ఈస్టర్ విషయంలో ఆయన్ని నేను మెచ్చుకోను, కానీ నిజం రాసే చరిత్రకారుడిగా మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను అని తేల్చాడు. ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలమ్మా, నువ్వు మతం కొద్దీ మాట్లాడుతున్నావని ఎవరూ అనరు.

చనిపోవడానికి ముందు ఏడాది, 734లో, యార్క్ బిషప్ ఎగ్బర్ట్‌కి రాసిన ఉత్తరం కూడా చూడు. కొండల్లో, అడవుల్లో ఉన్న పల్లెలకు ఏళ్ళ తరబడి బిషప్ అనేవాడు మొహం చూపించడు, కానీ పన్ను వసూలు నుంచి మాత్రం ఒక్క పల్లెకూ మినహాయింపు లేదు అని ముఖం మీదే అడిగాడు. లాటిన్ రాని జనానికి విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన వాళ్ళ భాషలోనే నేర్పమన్నాడు. సొంత సంస్థ పెద్దల్ని అంత సూటిగా అడిగిన మనిషిని భజనపరుడు అనడానికి లేదు.

కావలి_ఎంఏ_హిస్టరీ

మాస్టారూ, మూలాపేట అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. ముందుమాట నిజంగానే దాటేసి వెళ్ళాను, ఇప్పుడే చదివాను. నోథెల్మ్ రోమ్ నుంచి తెచ్చిన ఉత్తరాలు మొదటి భాగంలో మాటకు మాట ఎక్కించి ఉన్నాయి, ఇంతకుముందు అవి విసుగనిపించి తిప్పేశాను! ఒక్కటి అడగాలి. వీళ్ళంతా ఈస్టర్ తేదీ కోసం అంత కొట్టుకోవడం ఏంది? తేదీయే కదా.

కొత్తపట్నం_పల్లెపాలెం

చెల్లెమ్మా, ఈస్టర్ సంగతి మాస్టారు చెబుతారు గానీ, నేను బీడ్ దగ్గరికి వచ్చిన దారి వేరు. మాది వేట మీద బతికిన ఇల్లు, నేను ఓషనోగ్రఫీ చదివాను, అక్కడ సముద్రపు పోటు చరిత్రలో ఈయన పేరు తగిలింది. 725లో కాలగణన మీద ఒక పుస్తకం రాశాడు, అందులో 29వ అధ్యాయం మొత్తం చంద్రుడూ పోటుపాటుల మీదే.

చంద్రుడు రోజూ సుమారు 48 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, పోటు కూడా అంతే ఆలస్యంగా వస్తుంది అని లెక్క కట్టాడు. మా వాళ్ళకు పుస్తకం లేకపోయినా ఇది తెలుసు, ఈరోజు పొద్దున ఆరింటికి పోటు నిండితే రేపు ఆరూ ముప్పావు దాటాకే. ఇప్పుడు మనం చెప్పే లెక్క సుమారు 50 నిమిషాలు, ఎంత దగ్గరగా పట్టాడో చూడండి. అమావాస్యకూ పున్నానికీ పోటు పెరగడం, మధ్యలో తగ్గడం రాశాడు. గాలి తోస్తే ముందుకూ ఆపితే వెనక్కీ జరుగుతుందనీ రాశాడు. అన్నిటికంటే గొప్పది, ఒకే తీరంలో ఒక చోట నీళ్ళు ఎక్కే వేళకు ఇంకో చోట తీస్తుంటాయి, ఏ రేవు వేళ ఆ రేవుదే, కానీ ఆ రేవులో చంద్రుడితో ఉన్న లంకె మాత్రం మారదు అన్నాడు. కొత్తపట్నం వేళ పట్టుకుని వేరే రేవులో పడవ దించకూడదు అన్నమాట. ఆ మాట చెప్పాలంటే ఒక్కచోట కూర్చుంటే రాదు, వేరు వేరు తీరాల వాళ్ళను అడిగి ఉండాలి. జారో మఠం కూడా టైన్ నదిలో పోటు ఎక్కే చోటే ఉంది, అక్కడ ఎక్కుదలా తీతా మన తీరంలో కంటే చాలా ఎక్కువ, కళ్ళ ముందే కనబడుతుంది.

అదే పుస్తకంలో భూమి డాలు లాగా బల్లపరుపు గుండ్రం కాదు, బంతి లాగా అన్ని వైపులా గుండ్రం, అందుకే పగలు అన్నిచోట్లా ఒకే పొడవు ఉండదు అని రాశాడు. మధ్యయుగంలో అందరూ భూమి బల్లపరుపు అనుకున్నారని క్లాసులో ఎవరైనా అంటే ఈ మాట తీసి పెట్టండి.

కందుకూరు_సండేస్కూల్

ఇక్కడ అందరూ పుస్తకాలే మాట్లాడుతున్నారు, నేను మనిషి గురించి రెండు ముక్కలు చెబుతానమ్మా.

686 ప్రాంతంలో జారోకి మహమ్మారి వచ్చింది. పాటలు పాడి ఆరాధన నడిపేవాళ్ళు అందరూ పోయారు, మఠాధిపతి కెయోల్‌ఫ్రిత్, ఆయన పెంచుతున్న ఒక చిన్న పిల్లవాడు, ఇద్దరే మిగిలారు. ఇద్దరితో మొత్తం ఆరాధన అయ్యేపని కాదని కొన్ని భాగాలు ఆపేశారు, వారం తిరిగేసరికి కెయోల్‌ఫ్రిత్ ఏడ్చుకుంటూ ఇట్టా కుదరదు అని మళ్ళీ పూర్తిగా మొదలుపెట్టాడు, కొత్తవాళ్ళు నేర్చుకునేదాకా ఆ ఇద్దరే కష్టపడి పాడారు. ఇది కెయోల్‌ఫ్రిత్ జీవితం మీద పేరు తెలియని సన్యాసి రాసిన పుస్తకంలో ఉంది. పిల్లవాడి పేరు రాయలేదు, వయసును బట్టి బీడే అని చాలామంది అంటారు. అప్పటికి పదమూడేళ్ళు ఉంటాయి. 685లో ఆ గుడిని ప్రతిష్ఠించినప్పటి శిలాఫలకం, ఆ కాలపు గోడలు కొంత భాగం ఇప్పటికీ జారోలో నిలిచి ఉన్నాయి.

మా సండే స్కూల్ పిల్లలకు నేను నేర్పేది ఆయన వేళ్ళ లెక్క. కొత్తపట్నం తమ్ముడు చెప్పిన పుస్తకంలోనే మొదటి అధ్యాయం. ఎడమ చెయ్యి చాపి చిటికెన వేలు అరచేతి మధ్యకు ముడిస్తే ఒకటి. పక్కనున్న ఉంగరపు వేలు కూడా ముడిస్తే రెండు, నడిమి వేలు కూడా ముడిస్తే మూడు. ఇప్పుడు చిటికెన వేలు ఒక్కటి లేపితే నాలుగు. ఉంగరపు వేలు కూడా లేపితే ఐదు. నడిమి వేలు లేపి ఉంగరపు వేలు ఒక్కటే ముడిస్తే ఆరు. పదులు బొటనవేలు, చూపుడువేలు మీద, వందలూ వేలూ కుడిచేతి మీద, అట్టా రెండు చేతుల మీద 9,999 దాకా పోవచ్చు, ఆపైన చేతిని గుండె మీద, నడుం మీద పెట్టి పది లక్షల దాకా. అక్షరాలకు అంకెలు ఇచ్చి దీంతోనే గుట్టుగా మాట్లాడుకోవచ్చని కూడా చెప్పాడు, ప్రమాదకరమైన మనుషుల మధ్య ఉన్న స్నేహితుడికి జాగ్రత్తగా ఉండమని వేళ్ళతోనే ఎట్టా చెప్పాలో ఉదాహరణ ఇచ్చాడు. పిల్లలు ఆరు దగ్గర చిక్కుపడతారు, ఆ తర్వాత ఇక ఆపలేం.

ఆయన చనిపోయిన తీరు శిష్యుడు కత్‌బర్ట్ ఉత్తరంలో రాశాడు. ఊపిరి ఆడకుండా వారాల తరబడి ఇబ్బంది పడుతూ కూడా రోజూ పాఠం చెప్పేవాడు, యోహాను సువార్తను తన జనం భాషలోకి మారుస్తూ ఉండేవాడు. ఇంకోపక్క ఇసిడోర్ అనే స్పెయిన్ బిషప్ పుస్తకం నుంచి కొన్ని భాగాలు ఏరిపెట్టాడు, నేను పోయాక నా పిల్లలు తప్పులు చదివి వృథాగా శ్రమపడకూడదు అని. చివరి రోజు తన పెట్టె తెప్పించి అందులో ఉన్న కాస్త ఆస్తీ తోటి గురువులకు పంచాడు. ఏమున్నాయి అందులో? మిరియాలు, తుండుగుడ్డలు, ధూపం. ఆ మిరియాలు మన దక్షిణాది నుంచి ఎన్ని చేతులు మారి ఆ చలిదేశం చేరాయో. సాయంత్రం విల్బెర్ట్ అనే కుర్రవాడు ఇంకొక్క వాక్యం మిగిలింది గురువుగారూ అంటే, రాసుకో అన్నాడు. అయిపోయిందని కుర్రవాడు చెప్పాక గది నేల మీద కూర్చుని స్తుతి పాడుతూ పోయాడు. పాఠాలు చెప్పేవాళ్ళం ఎవరమైనా అట్టాంటి చివరి రోజే కోరుకుంటాం.

ఒంగోలు_మాస్టారు

ఈస్టర్ ప్రశ్నకు వస్తున్నా. అది తేదీ గొడవ మాత్రమే కాదమ్మా, ఒకే ఇంట్లో తేడా వచ్చింది. ఓస్వియు రాజు ఐర్లండ్ పద్ధతి, ఆయన రాణి కెంట్ నుంచి వచ్చింది కాబట్టి రోమ్ పద్ధతి. రాజు ఉపవాసాలు ముగించి ఈస్టర్ విందు చేసుకుంటుంటే రాణీ, ఆమె మనుషులూ ఇంకా మట్టల ఆదివారం దగ్గరే ఉపవాసంలో ఉండేవాళ్ళు. అందుకే 664లో విట్బీలో సభ పెట్టి రోమ్ పద్ధతి అని తేల్చారు.

లెక్క కష్టమెందుకంటే సూర్యుడూ చంద్రుడూ వారమూ మూడూ కలవాలి. మార్చి 21 నాడు గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి, దాని తర్వాత వచ్చే ఆదివారం. మన పంచాంగం తెలిసినవాళ్ళకు ఇది తేలిక. 2004లో అధిక శ్రావణం వచ్చింది, మళ్ళీ 2023లో అధిక శ్రావణమే వచ్చింది, పందొమ్మిదేళ్ళు. సూర్యుడి ఏడాదీ చంద్రుడి నెలలూ ఆ గడువుకు ఒకసారి సరిపడతాయి. ఈస్టర్ కూడా 2004లో ఏప్రిల్ 11, 2023లో ఏప్రిల్ 9, పున్నమి దాదాపు అదే రోజు వచ్చింది, ఆదివారం మాత్రం జరిగింది. ఆ వారం కూడా కలవాలంటే అప్పటి క్యాలెండర్‌లో 28 ఏళ్ళ చక్రం. పందొమ్మిదిని ఇరవై ఎనిమిదితో హెచ్చిస్తే 532. బీడ్ తన పుస్తకంలో 532 నుంచి 1063 దాకా మొత్తం చక్రానికి పట్టిక ఇచ్చాడు. క్రీస్తు పుట్టుక నుంచి ఏళ్ళు లెక్కపెట్టడం డయొనీసియస్ అనే సన్యాసి 525లో మొదలుపెట్టాడు గానీ, ఒక పెద్ద చరిత్రను ఆ ఏళ్ళ మీద నడిపి జనంలోకి తెచ్చింది ఈయనే. ఆ క్లాసులో నిన్ను ప్రశ్నించినవాళ్ళు కూడా రోజూ తేదీ ఆ లెక్కనే రాస్తున్నారు.

కావలి_ఎంఏ_హిస్టరీ

ఇప్పుడు నాకు మాట్లాడేందుకు చాలా ఉంది, టైమే చాలదు. ఇరవై నిమిషాలే ఇస్తారు. ఏవి ఉంచమంటారు?

నెల్లూరు_మూలాపేట

ముందుమాటతో మొదలుపెట్టు, వెంటనే ఓస్వాల్డ్ మట్టి కథ, ఎందుకంటే వాళ్ళు అడిగేది అదే, వాళ్ళు అడగకముందే నువ్వే ఎత్తాలి. తర్వాత యేవరింగ్ తవ్వకం, ఆ వెంటనే చెస్టర్. పోటు సంగతి, వేళ్ళ లెక్క ప్రశ్నల టైముకు దాచుకో. విట్బీ సభ మూడో భాగం 25వ అధ్యాయం, అందులో రెండు పక్షాల వాదనలూ ఉన్నాయి, ఐర్లండ్ వైపు మాట్లాడిన కోల్మన్ బిషప్ మాటలు కూడా ఇచ్చాడు, ఒక పేరా పెద్దగా చదివి వినిపించు.